కాకికి మెతుకు, చెట్టుకు కొండ

రెండింటిని పోల్చి రాయమంటే మన పిల్లలు ముందు నోటు పుస్తకంలో నిలువుగా ఒక గీత గీస్తారు. ఎడమవైపు ఒకటి, కుడివైపు ఇంకొకటి. ఈ ఏడాది తొమ్మిదో తరగతి తెలుగు పిల్లలకు నేనిచ్చిన అంశం ఎర్రచందనం చెట్టు, కాకి. ఒకటి అంతరించే ప్రమాదంలో పడ్డ చెట్టు. రెండోది ఏక్‌బాల్‌పూర్‌లో ఏ కిటికీ తెరిచినా కనిపించే పక్షి. గీతలు గీశారు, గళ్లు నింపారు, దాదాపు అందరూ ఒకే తీర్పు ఇచ్చారు. చెట్టు తన చోటు వదిలి బతకలేదు కాబట్టి నశిస్తోంది. కాకి ఎక్కడైనా సర్దుకుపోతుంది కాబట్టి గెలిచింది. ఒకమ్మాయి కింద ఇంకో వాక్యం చేర్చింది: "మనం కాకిలాగే ఉండాలి, ఎందుకంటే నాన్నకు మళ్లీ ట్రాన్స్‌ఫర్ వస్తుంది."

వాక్యాలు బాగున్నాయి, అక్షరదోషాలు తక్కువ, మార్కులు వేశాను. తీర్పుతో మాత్రం నాకు పేచీ ఉంది. తరగతిలో నలభై నిమిషాల్లో చెప్పలేని పేచీ కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మీరు పుట్టినప్పటి నుంచీ ఎక్కువసార్లు విన్న మాట "సర్దుకుపో" అనేదే అయి ఉంటుంది. కొత్త క్వార్టర్, కొత్త బడి, కొత్త భాష, కొత్త నీళ్లు. అన్నిటికీ ఆ ఒక్క మాటే మందు. నేనూ ఐదు ఊళ్లు మారి ఇక్కడికి వచ్చినదాన్ని. నాకూ ఆ మందు పోశారు. అందుకే ఎవరైనా సర్దుకుపోవడాన్ని గెలుపు అనీ, ఒకచోట పాతుకుపోవడాన్ని ఓటమి అనీ గళ్లు గీసి చూపిస్తే, ముందు ఆ చెట్టు సంగతీ ఆ పక్షి సంగతీ సరిగ్గా చూశారా అని అడగాలనిపిస్తుంది.

చెట్టుతో మొదలుపెడదాం. మీలో చాలామందికి ఎర్రచందనం 2021లో వచ్చిన "పుష్ప" సినిమాతో తెలిసింది. అంటే దుంగ తెలిసింది, చెట్టు తెలియలేదు. ఇంకో తమాషా ఉంది. ఆ సినిమా అడవి దృశ్యాలు చాలావరకు తీసింది మారేడుమిల్లిలో. అది గోదావరి వైపు ఉన్న పచ్చటి, తేమ నిండిన అడవి. ఎర్రచందనం సొంత అడవి అలా ఉండదు. కడప, తిరుపతి, అన్నమయ్య, నెల్లూరు జిల్లాల్లోని శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ. ఎండకు పెటపెటలాడే రాతి కొండలు. మన్ను తక్కువ, రాయి ఎక్కువ. కడప ప్రాంతంలో ఏడాదికి పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. మన కలకత్తాలో 1600 దాటుతుంది. ప్రపంచం మొత్తం మీద ఈ చెట్టు తనంతట తాను పెరిగేది దక్షిణపు తూర్పు కనుమల్లోని ఆ కొద్దిపాటి మేరలోనే.

చూడటానికి పెద్ద చెట్టేమీ కాదు. మర్రిలా పరుచుకోదు, టేకులా నిటారుగా ఆకాశానికి పోదు. ఒక్కో కాడకు సాధారణంగా మూడేసి ఆకులు. ఎండాకాలానికి ఆకు రాల్చి మోడులా నిలబడుతుంది, ఆపైన పసుపు పూలు పూస్తుంది. కాయ గుండ్రంగా, చుట్టూ పల్చటి రెక్కతో బిళ్లలా ఉంటుంది. బెరడు నల్లగా పగిలి మొసలి వీపులా కనిపిస్తుంది. దానికి గాటు పెడితే ఎర్రటి రసం కారుతుంది. శ్రీగంధంతో దీన్ని కలిపేయకండి. అది వేరే కుటుంబం, వేరే చెట్టు. ఎర్రచందనానికి ఆ వాసన ఉండదు. ఇది చిక్కుడు కుటుంబానికి చెందింది, మన వేగిస చెట్టుకు దగ్గర చుట్టం.

దాని విలువంతా లోపలి చేవలో ఉంది. చెట్టు నడిమధ్య గట్టిపడి రంగు తిరిగిన భాగాన్ని మనం చేవ అంటాం. ఎర్రచందనం చేవ ముదురు ఎరుపు, నీళ్లలో వేస్తే తేలదు, మునుగుతుంది. అది కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. ఆ చెట్టు బండరాళ్ల సందుల్లోకి వేరు పోనిచ్చి, దొరికిన కొద్ది నీటితో, నెమ్మదిగా, ఏళ్లకేళ్లు లోపల కూడబెట్టుకున్నది అది. తెలుగులో ధైర్యమూ సత్తువా ఉన్న మనిషిని "చేవ ఉన్నవాడు" అంటాం కదా. ఆ మాట ఎవరో నిఘంటువు ముందు కూర్చుని కనిపెట్టింది కాదు. గొడ్డలి పట్టినవాళ్లు, దూలాలు కోసినవాళ్లు ఇచ్చిన మాట.

ఒకప్పుడు ఆ కొండల పక్క పల్లెల్లో ఇళ్లకు స్తంభాలుగా ఈ కర్రే నిలబెట్టేవారు. చెక్కను రాతి మీద అరగదీసి సెగగడ్డలకు పట్టు వేసేవారు. తిరుపతిలో ఎర్ర కర్రతో చేసిన బొమ్మలు బొమ్మల కొలువుల్లోకి చేరేవి. అంటే ఆ ఊళ్లలో అది అరుదైన చెట్టు కాదు, ఇంటి వెనక కొండ మీది మామూలు చెట్టు. మరి ఏం జరిగింది? దాని చేవ కోసం సముద్రాల అవతల గిరాకీ ఉంది. చైనాలో రాజుల కాలం నుంచీ దానితో చేసిన సామాను గొప్పింటి గుర్తు. జపాన్‌లో షామిసెన్ అనే తీగల వాద్యానికి మేలైన మెడ ఈ కర్రతోనే చేస్తారు. 1995లో ఈ చెట్టును సైటిస్ అనే అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందంలో చేర్చారు. అడవిలో నరికిన కర్రను విదేశాలకు అమ్మడం మన దేశంలో నిషేధం. అయినా కంటైనర్లలో వేరే సరుకు కింద దాచిన దుంగలు ఓడరేవుల్లో పట్టుబడుతూనే ఉన్నాయి. ఈ కర్ర వెనక మనుషుల ప్రాణాలూ పోయాయి. 2013లో శేషాచలం అడవిలో విధుల్లో ఉన్న అటవీ అధికారుల్ని చంపేశారు. 2015 ఏప్రిల్‌లో అక్కడే జరిగిన కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది చనిపోయారు. అడవిలో చచ్చిపోయేది కూలికి గొడ్డలి పట్టినవాడో, జీతానికి కాపలా కాసేవాడో. లాభం తినేవాడు అడవి ముఖం చూడడు.

ఇప్పుడు మీ గళ్లు చూడండి. "మారలేదు కాబట్టి నశిస్తోంది" అని రాశారు. ఆ కొండల మీద అది వేల ఏళ్లు మారకుండానే బతికింది. కరువులు చూసింది. వానో, ఎండో, రాయో దాన్ని ప్రమాదంలో పడేయలేదు. గిరాకీ పడేసింది. బలహీనత చెట్టుది అని ఎలా రాస్తాం?

ఇక కాకి. మన బడి నుంచి డైమండ్ హార్బర్ రోడ్డు మీదికి వస్తే చాలు, పరిచయం అక్కర్లేదు. మాంసం దుకాణాల ముందు, చేపల బుట్టల పక్కన, ఖిదిర్‌పూర్ వైపు పోయే బస్సు కప్పు మీద. మెడ చుట్టూ బూడిద రంగు ఉండేది ఊరకాకి, ఇక్కడివాళ్లు పాతి కాక్ అంటారు. ఒళ్లంతా నల్లగా, లావుపాటి ముక్కుతో ఉండేది మన బొంతకాకి, వీళ్ల దాఁడ్ కాక్. మీ బెంగాలీ స్నేహితుల్ని అడిగి సరిచూసుకోండి. ఊరకాకి గూటిలో పుల్లలతో పాటు ఇనప తీగ ముక్కలు ఉంటాయి. చెట్లు తక్కువైన పేటల్లో అది దొరికినదానితో ఇల్లు కట్టుకుంటుంది. ఈ నేర్పును నేను తక్కువ చేయను. అన్నట్టు, ఏ ఊరికి బదిలీ అయినా తద్దినం నాడు పిండం పెట్టి పిలవడానికి కాకి ఒకటి దొరుకుతుంది. మా ఇంట్లో పెద్దవాళ్లకు కొత్త ఊరి మీద మొదటి నమ్మకం దాన్ని చూశాకే కలుగుతుంది.

ఊరకాకి మీకన్నా నాకన్నా ఎక్కువ బదిలీలు చూసింది. మన పక్కనే ఉన్న ఖిదిర్‌పూర్ డాక్ 1892లో తెరిచారు. అలాంటి రేవుల నుంచి ఓడలెక్కి ఈ పక్షి హిందూ మహాసముద్రం చుట్టూ చేరింది. కొన్నిచోట్లకు మనుషులే పనిగట్టుకుని తీసుకుపోయారు. 1890ల్లో జాంజిబార్ దీవికి చెత్త తింటుందని తెచ్చారు. మలేషియాకు బ్రిటిష్ వాళ్లు సిలోన్ నుంచి, తోటల్లో పురుగుల్ని తింటుందని పట్టుకెళ్లారు. 1994లో యూరప్‌లో నెదర్లాండ్స్ రేవు పట్టణమైన హుక్ వాన్ హాలండ్‌లో కూడా కనిపించింది, అక్కడి చలిలో పిల్లల్ని పెంచింది.

ఇక్కడిదాకా వింటే మీ తీర్పే సరైనదనిపిస్తుంది. తరవాతి కథ వినండి. తూర్పు ఆఫ్రికా తీరంలో ఊరకాకులు స్థానిక పిట్టల గుడ్లు, పిల్లల్ని తినేశాయి. గూళ్లు అల్లే చిన్న పిట్టలు ఊళ్లలోంచి తగ్గిపోయాయి. 2024లో కెన్యా ప్రభుత్వం ఆ ఏడాది చివరికల్లా పది లక్షల ఊరకాకుల్ని తొలగిస్తామని ప్రకటించింది. నెదర్లాండ్స్ కూడా తన దగ్గర ఉన్న కొద్ది కాకుల్ని ఉండనివ్వలేదు. కొత్త చోట బతకడం వేరు, ఆ చోట ముందునుంచీ ఉన్నవాళ్ల నోటి దగ్గరిది లాక్కుని బతకడం వేరు. దీన్ని కాకి తప్పుగా చెప్పడం లేదు. దానికి ఆ తేడా తెలియదు. మనకు తెలుసు. ఏక్‌బాల్‌పూర్‌లో మూడేళ్లుండి ఒక్క ఉర్దూ మాటా, ఒక్క బాంగ్లా వాక్యమూ నేర్చుకోకుండా, "ఇక్కడివాళ్లు ఇంతే" అని విసుక్కుంటూ వెళ్లిపోయే పెద్దవాళ్లను నేను చూశాను. అదీ సర్దుకుపోవడమే అనుకుంటారు.

అసలు విషయం ఇంకొకటి. ఊరకాకి ఎక్కడైనా బతుకుతుంది అన్నారు. బతకదు. మనుషులు లేనిచోట తనంతట తాను బతికే ఊరకాకుల గుంపు ఎక్కడా ఉన్నట్టు తెలియదు. పక్షులను చదివినవాళ్లు దీన్ని ఈమధ్య రాశారేమో కానీ, మన కథలు చెప్పే అమ్మమ్మలు ఎప్పుడో చెప్పారు. రాజకుమారుడు దారి తప్పినప్పుడు ఎక్కడికి పోతాడు? కాకులు దూరని కారడవికి. కాకి అరుపు వినపడకపోతే ఊరు అయిపోయిందని, మనిషి లేడని అర్థం. చెట్టు రాతికి కట్టుబడ్డట్టే కాకి మనిషికి కట్టుబడింది. మన ఇల్లు, మన ఎంగిలి, మన సందడి దాని నేల. ఆ నేల పడవెక్కి పోతుంది కాబట్టి కాకీ పోయింది. కొండ పడవెక్కదు కాబట్టి చెట్టు ఉండిపోయింది. రెండూ ఒకదానిని వదిలి బతకలేనివే. గీతకు అటూ ఇటూ రాసిన "స్వేచ్ఛ", "బందీ" అనే మాటలు కొట్టేయండి.

రెక్కలుంటే చాలు అనుకునేవాళ్లకు కడప జిల్లాలోనే జవాబు ఉంది. లంకమల అడవి అంచుల్లోని ముళ్లపొదల్లో కలివికోడి అనే పక్షి ఉంది. పోయిందనుకున్న దాన్ని 1986లో మళ్లీ చూశారు. ఎగరగలదు. అయినా ఆ పొదల నేల విడిచి ఇంకెక్కడా స్థిరపడలేదు. ప్రపంచంలోకెల్లా అరుదైన పక్షుల్లో అది ఒకటి.

ఇక "మామూలుది కాబట్టి దానికేం భయం" అన్న వాక్యం. ఇద్దరు ముగ్గురు రాశారు. మీ అమ్మానాన్నలు చిన్నప్పుడు చచ్చిన పశువు మీద వాలే రాబందుల గుంపులు చూసే ఉంటారు, అడగండి. లెక్కపెట్టాలని ఎవరికీ తోచనంత మామూలు పక్షి అది. 1992కూ 2007కూ మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి. కారణం పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ అనే మందు. ఆ మందు వాడిన పశువు చనిపోతే, ఆ మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు పాడై చచ్చేది. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించారు. అప్పటికే ఆకాశం ఖాళీ అయింది. నేల, రాయి, వాన ఏమీ మారలేదు. మనుషుల పశువుల మీద ఆధారపడ్డ పక్షికి మనుషుల మందే ముప్పయింది. "మామూలు" అన్నది ఒక ప్రాణి గుణం కాదు. ఆ రోజుకు ఆ ఊళ్లో ఉన్న లెక్క, అంతే.

ఇప్పుడు నా అసలు పేచీకి వస్తాను. పోలిక తప్పితే పెంపకమూ తప్పుతుంది. చెట్టు కావాలంటే దాని కొండ దానికి ఉండాలి. కాకి కావాలంటే నాలుగు మెతుకులు, నలుగురు మనుషులు ఉండాలి. మనం సరిగ్గా తిరగేసి చేస్తున్నాం.

మొదటిది మన ఎకో క్లబ్ గురించి. వచ్చే వానాకాలంలో బడి ఆవరణలో ఒక ఎర్రచందనం మొక్క నాటి, బోర్డు పెట్టి, ఫొటో తీయించుకుందామన్న ప్రతిపాదన వచ్చింది. పిల్లల ఉత్సాహాన్ని నేను కాదనను. హుగ్లీ ఒండ్రు మట్టిలో, మన వానల్లో ఆ మొక్క బతికినా బతకవచ్చు. చెట్టు మాత్రం దాంతో దక్కదు. ఒక మొక్క బతకడం, ఒక జాతి బతకడం ఒకటి కావు. ఆ కొండ మీద పూలకు వచ్చే పురుగులు, గాలికి దొర్లి రాళ్ల సందున పడే బిళ్ల కాయలు, వాటిలో ఏ కొద్దో మొలకెత్తడం, ఆ మొలకను పశువు తినకుండా మిగలడం. ఇవన్నీ కలిస్తే జాతి. దాన్ని కుండీలోకి తేలేం. శేషాచలం కొండల్ని 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడ కాపలా కాసేవాళ్ల జీతాలు, కొండపక్క పల్లెలకు వేరే బతుకుదెరువు, రేవులో కంటైనర్ తెరిచి చూసే అధికారి నిజాయితీ. చెట్టు వీటివల్ల నిలుస్తుంది. మీలో కొందరి నాన్నలు, అమ్మలు కస్టమ్స్‌లోనూ పోర్టులోనూ పనిచేస్తున్నారు. ఆ చెట్టుకు మన బడి నుంచి నిజంగా సాయం చేయగలిగినవాళ్లు వాళ్లే. ఈ మాట వాళ్లకు చెప్పండి, గర్వపడతారు. ఆవరణలో నాటడానికి ఈ నేలకు అలవాటైన కదంబమో, నేరేడో ఉన్నాయి కదా.

నదికి అవతల శిబ్‌పూర్‌లో బొటానికల్ గార్డెన్ ఉంది, చాలామంది పెద్ద మర్రిని చూడటానికి వెళ్తారు. 1787లో మొదలైన ఆ తోటకు 1793లో అధికారిగా వచ్చినవాడు విలియం రాక్స్‌బర్గ్. అంతకుముందు ఆయన మన సామర్లకోటలో ఉండేవాడు. అక్కడి మొక్కల్ని చూసి, స్థానికులు ఏమని పిలుస్తారో అడిగి, మన దేశపు చిత్రకారుల చేత బొమ్మలు వేయించి పెట్టుకున్నాడు. జ్వరానికి బెరడు వాడే సోమిద చెట్టు గురించి ఆయన ప్రత్యేకంగా రాశాడు. తరవాత శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన లాటిన్ పేరు సోయ్‌మిడా. మన తెలుగు మాటే, టోపీ పెట్టుకుంది. ఈ ఊరికి బదిలీ మీద వచ్చిన తెలుగు మాటల్లో అది మీకన్నా రెండు వందల ఏళ్లు సీనియర్. ఎవరో ఒక పల్లెటూరి మనిషి పలికితే, ఇంకొకడు చెవిన వేసుకుంటే, అది నది ఒడ్డుకు చేరింది. చెట్టు రావాలంటే మట్టి కావాలి. మాటకు ఒక నోరు, ఒక చెవి చాలు.

రెండో తిరకాసు ఇక్కడే ఉంది. తెలుగును మనం ఎర్రచందనంలా చూస్తున్నాం. ఆగస్టు 29న గిడుగు రామమూర్తిగారి జయంతికి స్టేజి మీదికి ఎక్కిస్తాం. పట్టులంగా కట్టిన పాప గుక్క తిప్పుకోకుండా పద్యం చెబుతుంది, దిగి వచ్చి అమ్మతో హిందీలో మంచినీళ్లు అడుగుతుంది. అమ్మ హిందీలోనే ఇస్తుంది. దుంగను పాలిష్ పెట్టి అద్దాల బీరువాలో నిలబెట్టినట్టుంది. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు ఎనిమిది కోట్ల మంది పైనే. విజయవాడ బస్టాండులో అది కాకి అంత మామూలు. ఏక్‌బాల్‌పూర్‌లో ఒక మేడ మీద, ఒకే ఒక్క ఇంట్లో, ఆ ఇంట్లోనూ నాన్న టూర్‌లో ఉన్న రోజున, అంతరించే జాతి. భాష అదే, నేల తేడా. దాని నేల మనుషులు. కాబట్టి అది కాకి జాతిది, చెట్టు జాతిది కాదు. దానికి కాపలా, బోర్డు, సన్మానం అక్కర్లేదు. రోజూ నాలుగు మెతుకులు పడాలి. కాస్త గోల ఉండాలి.

ఇది నా ఊహ కాదు. ఖరగ్‌పూర్ వెళ్లి చూడండి, రైలులో రెండు గంటల దారి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో పనికి వచ్చిన తెలుగు కుటుంబాలు అక్కడే తరాలుగా ఉన్నాయి. అక్కడి బజారులో తెలుగు వినిపిస్తుంది. 2020 చివర్లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగును రాష్ట్ర అధికార భాషల్లో చేర్చాలని నిర్ణయించింది, సంతోషమే. ఆ కాగితం రాకముందు వందేళ్లూ ఆ భాషను నిలిపింది మాత్రం కూరగాయల బేరాలు, పెళ్లిపిలుపులు, వీధి కొళాయి దగ్గర తగవులు. వాళ్ల తెలుగులో బాంగ్లా, హిందీ మాటలు కలిసి ఉంటాయి. కాకి గూట్లో ఇనప తీగ ఉన్నట్టే. గూడు గూడే.

అందుకని తల్లిదండ్రులకు నా విన్నపం: "ఇంకో రెండేళ్లలో మళ్లీ మారిపోతాం, ఇప్పుడు తెలుగెందుకు టైమ్ వేస్ట్" అని చెప్పి ఆ పీరియడ్ మాన్పించకండి. ఇంట్లో స్వచ్ఛమైన తెలుగు మాట్లాడాలని పట్టుపట్టి, తప్పు మాట దొర్లగానే నవ్వి, పిల్లల నోరు మూయించకండి. "అమ్మా, నా సాక్స్ కహాఁ ఉన్నాయి" అని అడిగినవాడు ఇంకా మన గూటివాడే.

అయితే అన్నీ కాకి జాతివి కావు. ఇది పిల్లలకు చెబుతున్నాను. మీ జీవితాల్లో కొన్ని చెట్టు జాతివి ఉన్నాయి. అమ్మమ్మ ఊరి బావి దగ్గరి మాటతీరు, తాతయ్య పొలం గట్టు పేరు, మీ మండలంలో తప్ప ఎక్కడా వండని పచ్చడి, దాన్ని నూరే రోలు. వాటిని వీడియో కాల్‌లో పట్టుకోలేం. కలకత్తాకు పార్శిల్ తెప్పిస్తే వచ్చేది దుంగే. మనమే అక్కడికి వెళ్లాలి. కేంద్ర ఉద్యోగులకు హోమ్ టౌన్ ఎల్‌టీసీ అని ఒక సౌకర్యం ఉంది. సర్వీసు పుస్తకంలో సొంతూరి పేరు రాసి ఉంటుంది, ఆ ఊరు వెళ్లి రావడానికి ప్రభుత్వమే ఛార్జీలు ఇస్తుంది. దాన్ని మార్చుకుని అండమాన్‌కో కశ్మీర్‌కో వెళ్లే వీలు కూడా ఇచ్చారు, చాలామంది అలాగే వెళ్తున్నారు. అండమాన్ బాగుంటుంది, నేను కాదనను. సొంతూరి వంతు కూడా ఎగరగొట్టేస్తే మాత్రం ఆ పుస్తకంలో ఊరు ఒక్క కాలమ్‌గా మిగులుతుంది. ఈసారి ఇంట్లో ఆ మాట మీరే ఎత్తండి. నాన్న ఫైళ్ల సంగతి మాట్లాడితే, ఎల్‌టీసీ ఫారం నేను నింపిపెడతానని చెప్పండి. నాకు బాగా వచ్చిన విద్యల్లో అదొకటి.

మరి కాకి సంగతి? వచ్చే నెల నుంచి గురువారం టిఫిన్ విరామంలో తెలుగు పిల్లలం నీళ్ల కొళాయి పక్కన వరండాలో కలుసుకుందామని ప్రిన్సిపాల్‌గారి అనుమతి తీసుకున్నాను. పద్యాలు లేవు, పోటీలు లేవు, మార్కులు లేవు. డబ్బాల్లో తెచ్చుకున్నది తింటూ తెలుగులో మాట్లాడుకోవడమే, తగవు పడ్డా తెలుగులోనే. బెంగాలీ, ఉర్దూ స్నేహితుల్ని తీసుకురావచ్చు, వాళ్ల మాటలు మనకు కావాలి. తినగా మిగిలిన మెతుకులు ఎక్కడ వేయాలో అడగక్కర్లేదు, గోడ మీద కూర్చుని చూస్తూనే ఉంటాయి. మొదటి గురువారానికి ప్రతి ఒక్కరూ మీ ఇంట్లో పెద్దవాళ్లు మాత్రమే వాడే ఒక మాట తీసుకురండి. అర్థం తెలియకపోయినా ఫరవాలేదు, ఎవరు అంటారో, ఎప్పుడు అంటారో చెబితే చాలు. ఏడో తరగతి వాళ్లు ముందే వచ్చి చాపలు వేయాలి.